కావలి లక్ష్మయ్యగారి విన్నపము

మా గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు చరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. గురుముఖమున శాస్త్రము చదివినవాడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొని, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లమీద బ్రౌను నిఘంటువును ప్రక్కన నుంచుకొని, భారత భాగవతములను తడవి తడవి చదువుకొన్నవాడను. అట్టివాడు చరిత్ర వ్రాయబూనుట సాహసమే. అయినను మన దేశచరిత్రలో ఒక్క ప్రకరణమున మాత్రము మావంటి లెక్కలవారికి కొంత హక్కు కలదు. అది కైఫియత్తుల ప్రకరణము. ఒక సంస్థలో క్రొత్త తలపు ఎట్లు మొలకెత్తును, ఎట్లు ఎండిపోవును అను ప్రశ్నకు గూడ ఆ ప్రకరణమున జవాబు దొరకునని నా నమ్మిక. మా గ్రంథాలయము కూడ ఒక సంస్థయే గనుక ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

పూర్వము ప్రతి గ్రామమునను కరణము ఇంట కవిలె కట్టలుండెడివి. చెరువు క్రింద మాగాణి యెంత, మెట్ట యెంత, దేవబ్రాహ్మణ మాన్యము లెన్ని, అవి యే ప్రభువు ఏ సంవత్సరమున నిచ్చెను, అడవి కొట్టి ఊరు కట్టినవారెవరు, ఊరికి ఆ పేరెట్లు వచ్చెను అను సంగతులను తండ్రి కొడుకునకు, కొడుకు మనుమనికి అప్పగించుచు వచ్చిరి. ఇట్టి వృత్తాంతములు గల పుస్తకమును దండకవిలె యనిరి. మా తండ్రిగారి కరణీకము 1984లో ఆ పదవులు రద్దగుటతో ముగిసినది. కవిలె యను మాటయే నేటి పిల్లలు విని యుండరు. కాని రెండువందల యేండ్లకు పూర్వము ఆ కవిలెల కొరకు ఎండనక వాననక ఊరూర తిరిగినవారు కలరు. వారు అడుగగా స్థలకరణములు చెప్పి వ్రాయించినవే కైఫియత్తులు. కైఫియత్తు అనగా వివరము, స్థితిగతి అని యర్థము. ఆ మాట అరబ్బీ నుండి కచ్చేరీల మూలమున మనకు వచ్చినది.

ఈ పని కంతటికిని మూలపురుషుడు కాలిన్ మెకంజీ. ఆయన స్కాట్లండునకు చేరిన లూయిస్ ద్వీపమున పుట్టి, 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువున మద్రాసునకు వచ్చెను. హిందువుల గణితమును గురించి తెలిసికొనవలెనని ఆయనకు మొదటినుండియు కోరిక. కాని పదమూడేండ్ల కాలము దండు వెంబడి డేరాలలోను, యుద్ధములలోను గడచిపోయెను. ఈ దేశపు భాషలు ఆయనకు రావు. చెప్పగలవారు ఆయనకు దొరకలేదు. 1796 ప్రాంతమున ఏలూరునకు చెందిన కావలి వెంకట బొర్రయ్య అను బ్రాహ్మణ యువకుడు ఆయన వద్ద చేరెను. అప్పటికి బొర్రయ్యగారి వయస్సు ఇరువదియేండ్లు. భారతీయ విజ్ఞానమను ద్వారమున తాను అడుగుపెట్టుటకు ఆ యువకుని పరిచయమే మొదటి మెట్టని మెకంజీ 1817లో సర్ అలెగ్జాండర్ జాన్‌స్టనుకు వ్రాసిన లేఖలో స్వయముగ నొప్పుకొనెను. ఏలినవారు కొలువుకానికి ఇట్టి ఋణమును కాగితముమీద ఒప్పుకొనుట ఆ కాలమున అరుదు.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట మైసూరు దేశమును కొలుచు పని మెకంజీకి అప్పగింపబడెను. కంపెనీవారికి కావలసినవి ఎల్లలు, దారులు, కోటలు, శిస్తు వచ్చు భూములు. వారు దేశమును కొలిపించినది పుణ్యమునకు గాదు. అయితే భూమిని కొలుచునప్పుడే భూమి కథను గూడ ప్రోగుచేయవలెనను తలపు మెకంజీ బొర్రయ్యల సాహచర్యమున పెరిగినది. ఏ ఊరికి గొలుసుతో కొలతగాండ్రు పోయిరో, ఆ ఊరి శాసనములను, తాళపత్రములను, వంశావళులను సేకరించుటకు బొర్రయ్య తరఫు మనుష్యులును పోయిరి. చదువ వీలులేని హళగన్నడ శాసనములను చదువుటకు బొర్రయ్యయే దారి కనుగొనెను. జైనమతమును గురించి ఆయన అనువదించిన వృత్తాంతము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ 9వ సంపుటములో ఆయన పేరుతోనే అచ్చయినది. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో ముందు పని కలదు.

1803లో బొర్రయ్య చిన్నవయస్సుననే కాలధర్మము నొందెను. ఆ స్థానమున మెకంజీ ఇంగ్లీషుదొరను పెట్టలేదు. బొర్రయ్య తమ్ముడు లక్ష్మయ్యగారిని నియమించెను. మరియొక సోదరుడు రామస్వామిగారు గూడ ఆ కొలువుననే పనిచేసి, తరువాత 1829లో దక్కను కవుల జీవితములను గూర్చి ఇంగ్లీషున గ్రంథము ప్రకటించెను. మెకంజీ కొలువులో తెలుగువారేగాక తమిళులు, మరాఠీలు, జైనులు గూడ కలరు. 1816లో థామస్ హికీ అను చిత్రకారుడు మెకంజీ చిత్రమును వ్రాసెను. అందు ఎఱ్ఱకోటు తొడిగిన దొర ఒంటరిగా నిలువలేదు. ఆయన చుట్టును ముగ్గురు భారతీయులు నిలిచియున్నారు. వారిలో నొకరి చేత తాళపత్ర గ్రంథము, మరొకరి చేత దూరదర్శిని కలవు. ఆ కొలువు నడచిన తీరును ఆ పటము చెప్పుచున్నది.

ఆ తీరులో నాకు నాలుగు గుణములు కనబడుచున్నవి. మొదటిది, తెలిసినవానినే అడుగుట. గ్రామచరిత్రకై రాజధానిలోని పండితుని అడుగక గ్రామకరణమును అడిగిరి. రెండవది, పనిచేసినవాని పేరు నిలుపుట. ఎవడు ఏ సీమకు పోయెను, ఏ దినమున ఎవరిని కలిసెను, ఏమి సంపాదించెను అను దినచర్యలు వారి వారి పేర్లతోనే నేటికిని నిలిచియున్నవి. మూడవది, అడ్డంకులు వచ్చినపుడు ఓర్చుట. ఊరిలోనికి క్రొత్త గుమాస్తా వచ్చి మాన్యముల సంగతి అడిగిన, శిస్తు పెంచుటకో ఇనాము లాగుటకో వచ్చెనని జనులు శంకించుట సహజము. మా కరణములు గూడ అమాయకులు గారు. లెక్క చెప్పుటతోబాటు లెక్క దాచుట కూడ వారికి తెలిసిన విద్యయే. అట్టి చోట్ల మెకంజీ మనుష్యులు దినములకొలది కూర్చుండి, నచ్చజెప్పి, నకలు వ్రాసికొని, మూలమును వారికే వదలిరి. నాలుగవది, పై యధికారులు పూర్తిగా నమ్మువరకు ఆగకుండుట. ఈ సేకరణకు చాలకాలము మెకంజీ తన సొంత సొమ్మునే వెచ్చించెను. కంపెనీ మెప్పును, కొంత ద్రవ్యమును పిమ్మట వచ్చినవి.

ఫలమెంతయని అడుగువారికి లెక్కయే చెప్పుదును. మెకంజీ 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలు అయ్యెను. 1821లో కలకత్తా సమీపమున మరణించెను. ఆయన భార్య వద్ద కంపెనీ ప్రభుత్వము ఆ భాండారమును కొనెను. సంస్కృత పండితుడును, ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శియునగు విల్సను దాని పట్టికను 1828లో అచ్చువేసెను. దాని ప్రకారము వ్రాతప్రతులు 1,568, స్థలవృత్తాంతములు 2,070, శాసనముల నకళ్లు 8,076, అనువాదములు 2,159, చిత్రములు 2,630, నాణెములు 6,218. ఒక దొరయు, కొందరు దేశీయ ఉద్యోగులును కలిసి ఇరువదియైదేండ్లలో ప్రోగుచేసిన రాశి యిది. మన గ్రంథాలయము వయస్సును ఇరువదియైదేండ్లే యని యెంచినపుడు నాకు సిగ్గును, ఉత్సాహమును ఒకేసారి కలుగుచున్నవి.

ఇక రెండవ అంకము. మెకంజీ గతించిన తోడనే సేకరణ ఆగిపోయినది. లక్ష్మయ్యగారు మద్రాసు చేరి, 1830 దశాబ్దములో అచట హిందూ సాహిత్య సభను నెలకొల్పి దానికి అధ్యక్షులై యుండిరి. ఆయనకు మెకంజీ విడిచిన పనిమీదనే మనస్సు. ఎందరు కరణములింట ఎన్ని కవిలెలు ఇంకను నకలు గాకున్నవో ఎరిగినవాడు ఆయనయే. అందుచేత ఆ పరిశోధనను కొనసాగించుటకు తనకు అనుజ్ఞయు, సహాయమును ఇప్పింపుడని ప్రభుత్వమునకు విన్నపము పెట్టుకొనెను. మద్రాసు ప్రభుత్వము దానిని కలకత్తాలోని పెద్ద ప్రభుత్వమునకు పంపెను. పెద్ద ప్రభుత్వము అభిప్రాయము నిమిత్తము ఏషియాటిక్ సొసైటీకి పంపెను. ఆ కాగితము మూడు గడపలు ఎక్కిదిగినది. ఆ మూడు గడపలలో దేనియందును ఒక కరణము ప్రక్కన చాపమీద కూర్చుండి కవిలె విప్పించిన అనుభవము గలవారు లేరు.

1836లో సొసైటీ సంఘమువారు తమ తీర్పును వెల్లడించిరి. అప్పుడు కార్యదర్శి జేమ్సు ప్రిన్సెప్. లక్ష్మయ్యగారు పంపిన సారసంగ్రహమును బట్టి చూచినను, ఏ దేశీయుని బట్టి చూచినను, అట్టి కార్యమునకు చాలిన యోగ్యత కనబడదని వారి తీర్పు తాత్పర్యము. వ్రాతప్రతులను పరిశీలించు పని మద్రాసులోని విలియం టెయిలరు అను పాదిరీకి ఇప్పించుట మంచిదని సూచించిరి. ఆ ప్రకారమే జరిగినది.

ఇక్కడ న్యాయముగా మాటాడవలయును. ప్రిన్సెప్ మూర్ఖుడు గాడు, దుష్టుడును గాడు. ఆ తీర్పు వచ్చిన మరుసటి యేడే, 1837లో, అనేక శతాబ్దములుగా ఎవరును చదువలేని బ్రాహ్మీలిపిని విప్పి, అశోకుని శాసనములను లోకమునకు వినిపించిన మహాపురుషుడాయన. ఆ శాసనముల అర్థమును తేల్చుటలో ఆయన ప్రక్కన కమలాకాంతుడను బంగాళీ పండితుడు కూర్చుండియుండెను. తన ఘనకార్యమున దేశీయ పండితుని సహాయమును గ్రహించినవాడే, దేశీయుడు స్వతంత్రముగా పనిని నడపగలడని ఒప్పుకొనలేకపోయెను. ఇరువది ముప్పది యేండ్ల క్రిందట బొర్రయ్య రచనను తమ సంపుటములో అచ్చువేసిన సొసైటీయే బొర్రయ్య తమ్ముని కాదనెను. 1784లో పుట్టిన ఆ సంస్థ భారతీయులను సభ్యులుగా చేర్చుకొనుట 1829 వరకు మొదలుపెట్టలేదను సంగతిని గూడ ఇచట చెప్పవలసియున్నది. వ్యక్తులు ఎంత గొప్పవారైనను, వారు కూర్చున్న సంస్థకు ఒక అలవాటు పడినచో, ఆ అలవాటే వారిచేత మాటాడించును.

లక్ష్మయ్యగారి సంగ్రహము పరిశోధక విమర్శ పద్ధతికి సరిపడలేదని సంఘమువారు నిజముగనే తలచియుండవచ్చును. దానిని నేను కాదనను. కాని దానికి మందు వేరొకటి కలదు. సేకరించువాడు లక్ష్మయ్యగాను, విమర్శించువాడు మరొకడుగాను ఏర్పరచియుండవచ్చును. మెకంజీ నడపినది అట్టి జంటబండియే గదా. మరియు లక్ష్మయ్యగారు కోరినది ఒకటి, సంఘమువారు ఇచ్చినది మరొకటి. ఆయన కోరినది సేకరణను కొనసాగించుట. టెయిలరుగారికి అప్పగించినది చేరియున్న ప్రతులను చదివి పట్టిక వ్రాయుట. టెయిలరుగారు ఆ పనిని శ్రద్ధతోనే చేసిరి. పురుగులు తిని, సిరా వెలిసి పాడగుచున్న ప్రతులకు మరల నకళ్లు వ్రాయించిరి. దానికి మనము కృతజ్ఞులము. కాని ఊళ్లలో మిగిలిన కవిలెల సంగతి అడుగువారు లేకపోయిరి. అవి చెదలకు, అటుకుల మీది పొగకు, తడికి, తుదకు వంటపొయ్యికి పోయినవి. జమ వైపున పడవలసిన మొత్తము ఏ చిట్టాకును ఎక్కకనే ఖర్చు వ్రాయబడినది. ఇట్టి నష్టము ఏ తనిఖీలోను పట్టుబడదు. రానిదానికి రసీదుండదు గదా!

ఆరణ్యపర్వమున అష్టావక్రుని కథ మీరెరుగుదురు. జనకుని యాగశాలకు వచ్చిన ఆ బాలుని ద్వారపాలకుడు ఆపెను. పిన్నవారికి ప్రవేశము లేదు, వృద్ధులైన విద్వాంసులే లోనికి పోవలయునని వాని వాదము. తల నెరసినంత మాత్రమున వృద్ధుడు గాడని బాలుడు వాదించెను. ఇంతవరకు అందరును చెప్పుదురు. కాని నాకు నచ్చినది తరువాతి ఘట్టము. జనకుడు వానిని వెంటనే నమ్మలేదు, వెంటనే కాదనను లేదు. కఠినమైన ప్రశ్నలు వేసి, జవాబులు విని, పిమ్మటనే లోనికి పోనిచ్చెను. ద్వారపాలకుడు చూచినది వచ్చినవాని వయస్సు. జనకుడు చూచినది వానియందలి సరకు. ప్రతి సంస్థలోను ద్వారపాలకుడును, జనకుడును ఇరువురు నుందురు. ఏ సంస్థలో ద్వారపాలకుడే సింహాసనమెక్కునో, ఆ సంస్థ గోడలు నిలుచును గాని సభ నిలువదు.

కంపెనీ కొలువుననే ఇంకొక రీతి కూడ నడచినది. దానిని చెప్పకున్న చరిత్రకు అన్యాయము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో ఉద్యోగము ప్రారంభించెను. తెలుగు కావ్యముల ప్రతులు తప్పులతో నిండి, చదువువారు తగ్గి, క్షీణదశలో నున్న కాలమది. ఆయన ఒక గ్రంథమునకు దొరకినన్ని ప్రతులను తెప్పించి, పండితులచేత పోల్చించి, పాఠములు దిద్దించి, శుద్ధప్రతి వ్రాయించెడివాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలైన పండితులు ఆయన వద్ద పనిచేసిరి. కడపలోని ఆయన బంగళాయే ఒక పాఠశాలగా నడచినది. జీతములు, కాగితము, సిరా అన్నియు ఎక్కువగా ఆయన సొమ్మే. ఇంగ్లండునకు పోయినపుడు లండనులోని కంపెనీవారి గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను చూచి, వానిని మద్రాసునకు పంపించు ఏర్పాటు చేయించెను. నేడు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండారమున మెకంజీ, బ్రౌను సేకరణలు రెండును చేరియున్నవి.

క్రొత్త తలపును అణచుట దొరల సభలకే తెలిసిన విద్య యనుకొనరాదు. మన పండితసభలును ఆ విద్యలో వెనుకబడలేదు. వేమనను కవియని ఒప్పుకొనుటకు నాటి పండితులకు మనసొప్పలేదు. లక్షణ గ్రంథములలో ఆయనకు తావు లేదు. కాని పశులకాపరి మొదలు పెద్దరైతు వరకు ఆయన పద్యము నోటనున్నది. బ్రౌను ఆ పద్యములను సేకరించి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చువేయించెను. 1852లో వెలువడిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువున కావ్యములలోని మాటలతోబాటు రైతు మాట, సంత మాట చేర్చెను. కచ్చేరి మాటలకై వేరుగ మిశ్రభాషా నిఘంటువునే కూర్చెను. అందుచేతనే నావంటివాడు భారతములోని కఠినపదమునకును, మా ఇంటి కాగితములలోని కడితమునకును ఆ పండితుని కృషియందే అర్థము వెదకికొనగలుగుచున్నాడు. అయితే బ్రౌను ఖాతాలో గూడ ఒక బాకీ కలదు. ఆ నిఘంటువు ముఖపత్రముమీద ఆయన పేరొక్కటే యున్నది. ఏండ్ల తరబడి చీట్లు వ్రాసిన పండితుల పేర్లు లేవు. మెకంజీ తన లేఖలో తీర్చుకొన్న ఋణమును, బ్రౌను ముఖపత్రమున తీర్చుకొనలేదు.

ఇంతవరకు ఇతరుల లెక్క తేల్చితిని. లెక్కలవాడు తన లెక్కను చూపకుండుట ధర్మము కాదు. గ్రంథాలయము స్థాపించిన ఏడవ యేట జరిగిన సంగతి యొకటి చెప్పెదను. అప్పుడు నేను కార్యవర్గ సమావేశముల తీర్మానములు వ్రాయుచుంటిని. కూలిపని చేయు ఇంటి పిల్లవాడొకడు, చదువు మధ్యలో మానినవాడు, సమావేశమునకు వచ్చి నిలిచెను. కూర్చుండుమని ఎవరును అనలేదు, నేనును అనలేదు. “అయ్యా! నాలుగు పెద్ద నోటుపుస్తకములు ఇప్పించుడు. ఆదివారము లందు ముసలివారి వద్ద కూర్చుండి, మన పొలముల పాతపేర్లు, చెరువు కట్టిన కథ, నాట్లలో పాడు పాటలు వ్రాసికొని వచ్చెదను. పుస్తకమును ఇక్కడనే బీరువాలో పెట్టుడు” అని యడిగెను. అంతకుమించి ఏమియు అడుగలేదు.

ఒక సభ్యుడు ఇది ఏ పద్దు క్రిందికి వచ్చునని యడిగెను. మరియొకరు అబ్బాయి ఎంతవరకు చదివెనని యడిగిరి. తప్పుడు వ్రాత పడినయెడల పూచీ యెవరిదని ఇంకొకరు శంకించిరి. నేనేమంటినో నాకు బాగుగ జ్ఞాపకమున్నది. “చరిత్ర వ్రాయుట పండితుల పని నాయనా, నీవు ముందు ఇచ్చటి పుస్తకములు చదువుము” అంటిని. పరిశీలనార్థము వాయిదా యని తీర్మానము వ్రాసితిని. ఎప్పటివరకు వాయిదాయో వ్రాయలేదు. ఆ పుస్తకముల వెల అరువది రూపాయలు. అదే సమావేశమున వార్షికోత్సవపు దండలకును, షామియానాకును దానికి ఎనిమిది రెట్లు మంజూరు చేసితిమి. తీర్మాన పుస్తకములో రెండు పద్దులును ఒకే పుటలో నున్నవి. మొన్న ఈ వ్యాసము కొరకు ఆ పుట తెరచి చూచికొంటిని.

ఆ తరువాత రెండేండ్లకు మా చెరువు నీరుగంటి కాలము చేసెను. ఏ తూము నీరు ఏ చెక్కకు పారును, ఆ చెక్క పేరేమి, ఆ పేరెందుకు వచ్చెను అను సంగతులు వానికి నోటికి వచ్చెడివి. వానితోబాటు అవి యన్నియు పోయినవి. అటుపిమ్మట అలుగు ప్రక్కనున్న భూమికి నీటి వంతు విషయమున రెండు కుటుంబములు తగవుపడినపుడు నావద్దకే వచ్చిరి. నా పుస్తకములలో సర్వేనంబరు కలదు, విస్తీర్ణము కలదు, శిస్తు కలదు. నీటి కథ లేదు. ఆ దినమున ఆ పిల్లవాడు నాకు జ్ఞాపకము వచ్చెను. కావలి లక్ష్మయ్యగారి కథను నేను చదివినది ఆ తరువాతి కాలముననే. చదువుచుండగా ప్రిన్సెప్‌మీద నాకు కోపము రాలేదు. ఆ కుర్చీలో నేను కూర్చున్నట్లు తోచెను. ఆయనకు బ్రాహ్మీలిపి చదివిన ఘనతయైన నున్నది. నాకు అదియును లేదు.

ఇట్లనుటచే వచ్చిన ప్రతి తలపునకును తల యూపవలెనని నా భావము గాదు. సంస్థ సొమ్ము పదిమంది సొమ్ము. ప్రశ్న వేయుట తప్పు గాదు. జనకుడును ప్రశ్నలు వేసెను. కాని ఆ ప్రశ్నలు పనిని గూర్చి యుండవలయును గాని మనిషిని గూర్చి గాదు. ఆ పిల్లవానిని, ఒక వారములో ఒక ముసలివాని మాట వ్రాసి తెమ్ము, చూతుమని యని యుంటిమేని మాకు పోయెడిది ఒక్క నోటుపుస్తకము. చిన్నమెత్తున పరీక్షింప వీలున్న తలపును పెద్దమాటలతో త్రోసివేయుట ఏ సంస్థకైనను తగదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారి యెదుట మూడు మనవులు చేసికొనుచున్నాను. క్రొత్త సంగతి చెప్ప వచ్చినవానిని ముందు కూర్చుండబెట్టి, వాని మాట ముగియువరకు వాని చదువును, ఇంటిపేరును అడుగకుందుము గాక. ఏ విషయమునైనను వాయిదా వేసినచో మరల చర్చించు తేదీని ఆ తీర్మానముననే వ్రాయుదుము గాక. ఏ పని జరిగినను ఆ తలపు ఎవరిదో, చేసిన చేతు లెవరివో, ఆ పేర్లను పుస్తకమున నెక్కింతుము గాక. ఈ మూడింటికిని పైసా ఖర్చు లేదు. మెకంజీ కొలువున ఇవి యున్నవి గనుకనే కైఫియత్తులు పుట్టినవి. ఏషియాటిక్ సొసైటీ గడపలో మొదటిదే లేకపోయినది గనుక లక్ష్మయ్యగారి విన్నపము విన్నపముగనే మిగిలిపోయినది.

కైఫియత్తుల కథ దుఃఖాంతము గాదు. కడపలో బ్రౌను నివసించిన చోట నేడు ఆయన పేర గ్రంథాలయమును, పరిశోధన కేంద్రమును కలవు. కడప జిల్లా కైఫియత్తులు సంపుటములుగ అచ్చయి వెలువడినవి. ఊరిపేరు తెలియని కరణములు చెప్పిన మాటలను నేటి చరిత్రకారులు చదువుచున్నారు. ఆలస్యమైనను వ్రాసినది నిలిచినది. వ్రాయనిదే పోయినది.

మా పిల్లవాడు ఇప్పుడు దూరపట్టణమున కుటుంబముతో నున్నాడు. ఈ సంచిక నిమిత్తము ఆయనకు జాబు వ్రాసి, నాటి తప్పు నాదేయని ఒప్పుకొంటిని. పది దినములకు జవాబు వచ్చినది. మేము పుస్తకములు ఈయకున్నను, పాత పరీక్షకాగితముల వెనుకవైపున నాలుగు పుటలు నాడే వ్రాసి దాచుకొనెనట. వానిని పంపినాడు. అందు నీరుగంటి చెప్పిన పొలముల పేర్లు పదునేడు కలవు. అలుగు ప్రక్క భూమి పేరు అందు తొమ్మిదవది.

ఆ నాలుగు పుటలకు అట్టవేయించి, గ్రంథాలయపు పట్టికలో క్రమసంఖ్య వేసి, గ్రంథకర్త యను గడిలో ఆయన పేరు వ్రాసితిని. బీరువాలో మూడవ అరయందు, బ్రౌను నిఘంటువు ప్రక్కన నున్నది. దాని వెనుక తెల్లకాగితములు నూరు కుట్టించి యుంచితిని. ఊరిలో ఇంకను ఎనుబది దాటినవారు కొందరున్నారు. కలము పట్టగల పిల్లలు చాలమంది యున్నారు. ఆదివారము సాయంకాలము గ్రంథాలయము తలుపు తెరచియే యుండును.

స్వస్తి.